మీ సింకు కింద నేను బిగించిన పైపుల గురించి

గత నెలలో ఒక శనివారం రాత్రి, అయిదో అంతస్తులో తాళం వేసి ఉన్న ఫ్లాటులో వాష్ బేసిన్ కింద కనెక్షన్ పైపు పగిలింది. ఇంటివాళ్లు ప్రయాణంలో ఉన్నారు. నీళ్లు వాళ్ల హాలు నింపి, నాలుగో అంతస్తు గోడల వెంట దిగి, మూడో అంతస్తు పడకగది కప్పు దాకా చేరాయి. అక్కడివాళ్లు ఫ్యాను రెక్క మీదనుంచి ముఖం మీద చుక్క పడితే లేచారు. ఆ పైపు బిగించింది నేనే, ఏడు నెలల క్రితం.

మీలో చాలామందికి ఈ సంగతి లిఫ్టులోనే తెలిసిపోయింది. లిఫ్టులో తిరుగుతున్న కథలో సగం నిజం. నేను ఎవరి ఇంట్లోనో విప్పిన పాత పైపును తుడిచి కొత్తదని బిగించానన్నది మాత్రం అబద్ధం. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఆ ఇంటి గీజరు ఇప్పటికీ నేనే చూస్తున్నాను, ఇకముందూ చూస్తాను. అది వేరే విషయం.

జరిగింది ఇది. ఆ రాత్రి ఫ్లాటు మెయిన్ వాల్వు కట్టేసి, విరిగిన పైపును జేబులో వేసుకుని షాపుకు వచ్చాను. ఈ పైపుల్లో లోపల రబ్బరు గొట్టం, దాని మీద స్టీలు తీగల అల్లిక, రెండు చివరలా నట్లు ఉంటాయి. పగిలితే మామూలుగా అల్లిక తుప్పు పట్టి, అక్కడ రబ్బరు ఉబ్బి పగులుతుంది. ఇక్కడ అల్లిక కొత్త పెళ్లికూతురిలా మెరుస్తూనే ఉంది. పోయింది నట్టు. టేబుల్ లైటు కింద పెట్టి చూస్తే మెడ చుట్టూ వెంట్రుక వాసి గీత, ఒకచోట అది నోరు తెరిచి ఉంది.

ఆకురాయి తీసుకుని నట్టు అంచును నాలుగుసార్లు రుద్దాను. పైనున్న మెరుపు పూత లేచిపోయింది. పూత కింద ఇత్తడి ఉంటే పసుపు రంగు కనబడాలి. బూడిద కలిసిన తెలుపు కనబడింది. లోపలెక్కడో ఇత్తడి ఉంటుందన్న ఆశతో ఇంకాసేపు రుద్దాను. నా బొటనవేలికి తెల్లటి పొడి అంటుకుంది తప్ప పసుపు జాడ లేదు.

ఇత్తడి అంటే రాగిలో జింకు కలిపిన లోహం. దశాబ్దాల పాటు నీళ్లను, బిగింపును తట్టుకుంటుంది. నాకు వచ్చినవి జింకును కరిగించి అచ్చులో పోసి, పైన క్రోమియం పూత వేసిన నట్లు. చూడటానికి తేడా తెలియదు. తడిలో ఆ పోత లోపలినుంచి పెళుసెక్కుతుంది, బిగింపు వల్ల ఎప్పుడూ లాగుతూ ఉండే చోట ఒకరోజు విడిపోతుంది. పైగా మీ ట్యాంకు మేడ మీద ఉంది. నీళ్లు 10 మీటర్లు కిందికి దిగితే సుమారు 1 బార్ ఒత్తిడి పెరుగుతుంది. పన్నెండు అంతస్తుల భవనంలో అయిదో అంతస్తు పైపు మీద రాత్రీ పగలూ 2 బార్లకు పైగా ఒత్తిడి ఉంటుంది. వాషింగ్ మెషిన్ వాల్వు ఠక్కున మూసుకున్నప్పుడల్లా పారుతున్న నీళ్లు ఒక్కసారిగా ఆగి ఎదురు కొడతాయి. గోడలో అప్పుడప్పుడు వినిపించే దెబ్బ అదే. అది ఆ ఒత్తిడికి అదనం.

నట్టు సంగతి నాకు ముందే తెలిసి ఉండాల్సింది. జింకు పోత ఇత్తడి కంటే దాదాపు అయిదో వంతు తేలిక. పదకొండేళ్లుగా ఈ పైపులు రోజూ చేతిలో పట్టుకుంటున్నవాణ్ణి. పెట్టె విప్పినప్పుడు నా చెయ్యి ఆ తేడా పట్టుకోవాలి. పట్టుకోలేదు. పెట్టె అదే, స్టిక్కరు అదే, తెచ్చిన మనిషి అతనే. ఆ మనిషిని చూసి పెట్టె తీసుకున్నాను, పెట్టెను చూసి కాదు. మూడు వారాలుగా నా నిద్ర పాడు చేస్తున్నది ఇదే.

పదకొండేళ్లుగా నాకు సామాను వేస్తున్న ఆ మనిషి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి. మర్నాడు ఉదయం ఫోను చేశాను. ముందు, కంపెనీవాళ్లు సరుకు మార్చి ఉంటారు, నాకు చెప్పలేదు అన్నాడు. దాన్ని నమ్మేవాణ్ణేమో. కానీ ఆ వెంటనే, "అన్నా, మీ కుర్రాళ్లు మరీ గట్టిగా బిగించి ఉంటారు" అన్నాడు.

నా కుర్రాళ్లకు మొదటి నెల పానా చేతికి ఇవ్వను. ఈ పైపు నట్టులో వాషరు ఉంటుంది, నీళ్లను ఆపేది అదే. వేళ్లతో తిరిగినంత తిప్పి, తర్వాత పానాతో పావు చుట్టు, అంతే. అంతకు మించితే వాషరు నలుగుతుంది, నట్టు మీద భారం పడుతుంది. దాని మీద టెఫ్లాన్ టేపు కూడా చుట్టనివ్వను, వాషరు ఉన్నచోట టేపుతో పని లేదు. ఈ పావు చుట్టు గురించి మా షాపులో పడిన తిట్లు మరే విషయం మీదా పడలేదు. ఆ తిట్లు తిన్న ఇద్దరూ నా పక్కనే నిలబడి ఆ ఫోను మాటలు విన్నారు.

షాపులో అదే సరుకులో ఇంకా బిగించని పైపులు పదకొండు మిగిలాయి. అన్నీ సంచిలో వేసుకుని అతని గోదాముకు వెళ్లాను. అతని బల్ల మీదే ఒక్కొక్క నట్టూ రుద్దాను. పదకొండూ తెలుపే. బిగించని పైపును ఎలా ఎక్కువ బిగించానో చెప్పమన్నాను. ఎవరికో ఫోను చేస్తున్నట్టు బయటికి వెళ్లాడు. నేను అరగంట కూర్చున్నాను, తిరిగి రాలేదు. బల్ల మీద ఆ తెల్లపొడి తుడవకుండానే వచ్చేశాను. ఆఖరి బిల్లు ఇంకా కట్టలేదు, కట్టను. ఎవరైనా అడగటానికి వస్తే ఆకురాయి నా దగ్గరే ఉంది.

ఇక మీకు చెప్పడానికి సిగ్గుపడుతున్న భాగం. ప్రతి పనినీ నోటు పుస్తకంలో రాసుకుంటానని మీకు తెలుసు, కొందరు దాన్ని చూసి నవ్వారు కూడా. గత పది నెలల్లో ఈ సరుకులోవి 212 పైపులు మీ ఇళ్లలో బిగించానని ఆ పుస్తకమే చెప్పింది. ఆ ఇళ్లన్నిటికీ వెళ్లి తప్పు సామాను పెట్టానని చెప్పాలా, లేక ఉచిత తనిఖీ అని చెప్పి వెళ్లి గుట్టుగా మార్చి రావాలా? నాలుగు రోజులు ఇదే ఆలోచించాను. మార్చడమే ముఖ్యం కదా, చెప్పి ఇంత మందిని భయపెట్టడం ఎందుకు అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఇంత పేరు పోగొట్టుకోవడం ఎందుకు అన్నది అసలు మాట.

రెండు ఇళ్లలో అలాగే చేశాను. రెండో ఇంట్లో ఉన్న పెద్దావిడ స్టూలు లాక్కుని సింకు పక్కనే కూర్చున్నారు. "బాగున్న పైపును ఎందుకు విప్పుతున్నావు బాబూ?" అని అడిగారు. తనిఖీ అమ్మా అన్నాను. "తనిఖీ అంటే చూడటం కదా. నువ్వు తీసేస్తున్నావు. పైగా సంచిలో ఇంకో పది ఉన్నాయి" అన్నారు. పానా కింద పెట్టి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. "ముందే చెప్పి ఉంటే నేనే తెప్పించి ఉంచేదాన్ని, సూపర్‌మార్కెట్‌లో దొరుకుతున్నాయి కదా" అన్నారు.

సూపర్‌మార్కెట్ అన్న మాట నాకు ఎక్కడ గుచ్చుకుందో మీలో కనీసం సగం మందికి తెలుసు. బల్బులకూ చీపుర్లకూ మధ్య కొక్కేనికి వేలాడే పైపు బిగించనని మీ ఎన్ని ఇళ్లలో అనలేదు! మీరు కొనుక్కొచ్చిన సామాను మీకే తిరిగిచ్చి, నా సంచిలోది బిగించాను. ఒకరిద్దరితో గొడవ కూడా పడ్డాను. వాళ్లు ఆ తర్వాత ఫోనులో బుక్ చేసుకునే సర్వీసులకు మారిపోయారు.

ఆ సాయంత్రమే సూపర్‌మార్కెట్‌కు వెళ్లాను. ఒకే కొక్కేనికి రెండు రకాలు వేలాడుతున్నాయి. రెండూ కొని, బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చుని రుద్దాను. మొదటిది నాలుగు రుద్దులకే పసుపు తేలింది, తళతళలాడే నిఖార్సయిన ఇత్తడి. రెండోది నాకు అంటగట్టినలాంటిదే, తెలుపు. అంటే నేను మీతో అన్నది పూర్తిగా తప్పు కాదు. పూర్తిగా ఒప్పూ కాదు. కొక్కేనికి వేలాడేది మంచిదో కాదో కొక్కెం చెప్పదు. నా పెట్టె కూడా చెప్పలేదు.

కాబట్టి ఇకనుంచి మీరు తెచ్చిన సామాను కూడా బిగిస్తాను. ఈ వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒక షరతు ఉంది. బిగించే ముందు నట్టు అంచున మీ ఎదుటే ఆకురాయితో ఒక గీత గీస్తాను. ఆ కాస్త పూత పోతే ఇత్తడి నట్టుకు నష్టమేమీ లేదు, సింకు కింద దాన్ని చూసేవాళ్లూ ఉండరు. పసుపు కనబడితే బిగిస్తాను, తెలుపు కనబడితే మీరు ఎంత చెప్పినా బిగించను. కొత్త వస్తువును గీయడమేమిటని అభ్యంతరం ఉన్నవాళ్లు వేరే మనిషిని పిలుచుకోవచ్చు, నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ పైకి అనను. నా దగ్గరికి వచ్చే ప్రతి పెట్టెలోనూ మూడింటిని ఇలాగే చూస్తున్నాను.

నష్టపోయిన మూడు ఇళ్ల సంగతి వాళ్లతోనే మాట్లాడుకున్నాను. అది మా మధ్య విషయం, ఇక్కడ రాయను.

212లో ఇప్పటికి 58 మార్చాం. మిగిలినవి పూర్తయ్యేదాకా కొత్త పనులు ఒప్పుకోవడం లేదు. కింది అంతస్తులవాళ్ల దగ్గరికి ముందు వస్తాం. ఒత్తిడి ఎక్కువ ఉన్నది అక్కడే. నా ఇద్దరు కుర్రాళ్లలో ఒకరో, నేనో వస్తాం, మూడో మనిషి ఎవరూ రారు. దీనికి డబ్బులు తీసుకోను. బలవంతంగా చేతిలో పెట్టకండి, నిన్న ఒకరితో ఇదే తలనొప్పి అయింది.

మేము వచ్చేలోపు ఇల్లు విడిచి వెళ్లాల్సి వస్తే, ఒక్క పూటకైనా, ఫ్లాటు మెయిన్ వాల్వు కట్టి వెళ్లండి. పగిలిన పైపులోంచి నిమిషానికి 10 లీటర్లే వస్తున్నాయనుకున్నా, నాలుగు గంటలకు 2,400 లీటర్లు. వాల్వు ఎక్కడుందో తెలియకపోతే ఫోను చేయండి, చెబుతాను. చాలా ఏళ్లుగా తిప్పని వాల్వు పట్టేసి ఉంటే బలం ప్రయోగించకండి. అది విరిగితే ఇంకో కథ. నట్టు చుట్టూ తెల్లటి పొర పేరుకున్నా, కింద తడి చెమ్మ కనబడినా వరుస కోసం ఆగకండి, ఆ రోజే పిలవండి. మీకు మీరు నట్టును బిగించి చూడకండి, పగులు ఉన్న నట్టు ఆ పావు చుట్టుకే చేతిలోకి వచ్చేస్తుంది.

ఇంకొకటి, ఇది నట్టుతో సంబంధం లేనిదే. బాత్రూం కడిగే బ్లీచింగ్ ద్రావణాల సీసాలు చాలామంది సరిగ్గా ఈ పైపుల పక్కనే పెడతారు. వాటిలోని క్లోరిన్ ఆవిరి స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలను కూడా తినేస్తుంది. మంచి పైపు కూడా అలా పోయిన ఇళ్లు నా పుస్తకంలో ఉన్నాయి. ఆ సీసాలను దూరంగా పెట్టండి.

మేము వచ్చే ముందురోజు ఫోను చేస్తాం. సింకు కింద ఉన్న సామాను ముందే తీసి ఉంచితే ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. విప్పిన పాత పైపు కావాలంటే మీరే ఉంచుకోండి. రుద్ది చూపించమంటే చూపిస్తాను, ఆకురాయి ఇప్పుడు పానా పక్కనే ఉంటోంది.