పైలట్ ఫండ్ కమిటీకి, ఆర్థో వార్డు సిస్టర్లకు కృతజ్ఞతలు

మా మెడికల్ కాలేజీ అధ్యాపకుల పరిశోధనల కోసం ఇచ్చే అంతర్గత పైలట్ ఫండ్ (పెద్ద అధ్యయనానికి ముందు చేసే చిన్న ప్రయత్నానికి ఇచ్చే డబ్బు) నుంచి నాకు వచ్చిన గ్రాంట్ గడువు పోయిన వారం ముగిసింది. లెక్కలన్నీ అప్పజెప్పాను, తుది రిపోర్టు ఇచ్చాను. ఆ రిపోర్టులో రాయలేకపోయిన మాటలు కొన్ని మిగిలిపోయాయి. వాటిని అందరి ముందూ చెప్పుకోవాలనిపించింది.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్లలో కొందరు ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మారిపోతారు. కన్నబిడ్డల్నే గుర్తుపట్టరు. ఎదురుగా లేని మనుషులతో మాట్లాడతారు, సెలైన్ పీకేసుకుంటారు. దీన్ని ఇళ్లల్లో సంధి మాటలు అంటారు, మేం డెలీరియం అంటాం. ఇది వచ్చినవాళ్లు ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తుంది. కొందరు ఇంటికి వెళ్లాక కూడా మునుపటి మనిషి కారు. దీన్ని కొంతవరకైనా రాకుండా ఆపడానికి ఖరీదైన మందులేమీ అక్కర్లేదు. కళ్లజోడు, వినికిడి యంత్రం అందుబాటులో ఉంచాలి, రాత్రి నిద్ర చెడగొట్టకూడదు, వీలైనంత త్వరగా లేపి నడిపించాలి, రోజూ పలకరిస్తూ ఎక్కడున్నారో ఏ రోజో గుర్తుచేస్తూ ఉండాలి. షారన్ ఇనూయే బృందం 70 ఏళ్లు, ఆపైబడిన 852 మందితో చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు వైద్యం అందినవాళ్లలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, ఇలాంటి జాగ్రత్తలు తీసుకున్నవాళ్లలో 9.9 శాతం మందికే వచ్చింది. అయితే అది జనరల్ మెడిసిన్ రోగుల మీద చేసిన పని. ఎమర్జెన్సీలో వచ్చి, నొప్పితో మంచం దిగలేని మా ఆర్థో రోగులకు ఇదంతా చేయగలమా అన్నది నా ప్రశ్న.

ఈ ప్రశ్నతో మొదట బయటి సంస్థకు దరఖాస్తు పెట్టాను. ప్రాథమిక డేటా లేదని తిప్పి పంపారు. డేటా కావాలంటే డబ్బు కావాలి, డబ్బు కావాలంటే డేటా చూపించాలి. కళ్లజోడు పెట్టించడం, నిద్రపోనివ్వడం లాంటివాటిలో అమ్ముకోవడానికేమీ లేదు కాబట్టి ఏ మందుల కంపెనీ ముందుకు రాదు. ఈ పని చేయించగల దారి సొంత కాలేజీ పైలట్ ఫండ్ ఒక్కటే. అందుకే దాని విలువ నాకు ఇంతగా తెలుసు.

కమిటీ మా ప్రతిపాదనను ఊరికే ఆమోదించలేదు. రోజుకోసారి ఉదయం రౌండ్స్‌లో డెలీరియం ఉందో లేదో చూస్తామని రాసుకున్నాం. నర్సింగ్ విభాగం నుంచి కమిటీలో ఉన్న మేడమ్ ఒకే మాట అడిగారు: "మరి చీకటి పడ్డాక ఎవరు చూస్తారు?" డెలీరియం రోజంతా ఒకేలా ఉండదు, వస్తూ పోతూ ఉంటుంది, చాలామందిలో సాయంత్రం తర్వాతే ఎక్కువవుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, అయినా ప్రణాళికలోకి రాలేదు. ఆవిడ తిరస్కరించకుండా, మార్చి తీసుకురమ్మని వ్యవధి ఇచ్చారు. మేడమ్, ఆ ఒక్క ప్రశ్నే మా అధ్యయనాన్ని నిలబెట్టింది.

స్టాటిస్టిక్స్ సార్‌కి కూడా అంతే రుణపడి ఉన్నాను. మా పద్ధతి పనిచేస్తుందని ఈ కొద్దిమందితోనే తేల్చేయాలన్న ఆత్రం నాది. ఆయన కూర్చోబెట్టి వివరించారు. పైలట్‌లో గ్రూపుకి 12 మంది చాలని జూలియస్ అనే గణాంక శాస్త్రవేత్త చెప్పిన సూత్రం 2005 నాటిది, అది కొలతల్లో హెచ్చుతగ్గులు ఎంతుంటాయో అంచనా వేయడానికే తప్ప ఫలితం తేల్చడానికి కాదన్నారు. ఎంతమంది ఒప్పుకుంటారు, ఎంతమంది చివరిదాకా ఉంటారు, ఏ ఫారాలు ఖాళీగా మిగులుతాయి, ఇవే నీ ఫలితాలు అన్నారు. పైలట్ ట్రయల్స్‌ను ఎలా రిపోర్టు చేయాలో చెప్తూ 2016లో వచ్చిన కన్సార్ట్ మార్గదర్శకాలు ముందుపెట్టి, ప్రతి అంశం నాతో చదివించారు.

డబ్బు ఎక్కువ భాగం దేనికి వెళ్లిందో కూడా చెప్పాలి. యంత్రాలకు కాదు, సాయంత్రం, రాత్రి షిఫ్టుల్లో స్క్రీనింగ్ చేసిన సిస్టర్లు వెచ్చించిన సమయానికి. మనుషుల సమయానికి డబ్బివ్వడానికి ఒప్పుకున్నందుకు కమిటీకి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

ఆ సిస్టర్లు మాకు చూపించినవి ఏ పుస్తకంలోనూ అంత స్పష్టంగా కనిపించవు. కేకలు వేసే రోగిని అందరూ గమనిస్తారు. ఏమీ అడగకుండా, కళ్లు సగం మూసి, గోడవైపు తిరిగి పడుకున్న పెద్దాయనను "ఈయన ఇబ్బంది పెట్టరు" అని వదిలేస్తాం. ఆయనకే డెలీరియం ఉండొచ్చు. వారంలో రోజుల పేర్లు వెనక్కి చెప్పమని సిస్టర్ అడిగితే గానీ బయటపడదు. ఇక కళ్లజోళ్ల సంగతి. ఇంట్లో జారిపడిన మనిషిని అంబులెన్స్‌లో ఎక్కించే హడావిడిలో కళ్లజోడు ఎవరికి గుర్తుంటుంది? అద్దాలు పెట్టించడం మా పద్ధతిలో మొదటి మెట్టు. వార్డులో చూస్తే అద్దాలే లేవు. చేరిన రోజే ఇంటికి ఫోన్ చేసి కళ్లజోడు, వినికిడి యంత్రం తెప్పించాలని ప్రతిపాదించింది ఒక రాత్రి డ్యూటీ సిస్టరే. ఇప్పుడు మా ప్రోటోకాల్‌లో మొదటి వాక్యం అదే.

మొదటి నెలల్లో మా అధ్యయనంలో రోగులు చేరలేదు. విరిగిన ఎముకతో వచ్చి, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మనిషిని పరిశోధనకు ఒప్పుకుంటారా అని అడగడానికి దొరికే సమయం చాలా తక్కువ. డెలీరియం మొదలయ్యాక అడిగితే ఆ సమ్మతికి విలువ లేదు. అప్పట్లో టెన్షన్‌తో నాకు నిద్ర పట్టేది కాదు. రీసెర్చ్ ఆఫీసుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. మందలిస్తారనుకుంటే గడువు పొడిగించారు, చేరనివాళ్లు ఎందుకు చేరలేదో కూడా రాసిపెట్టమన్నారు. ఆ జాబితా చూసే సమ్మతి తీసుకునే పద్ధతి మార్చి, ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకున్నాం. మా రిపోర్టులో అన్నిటికంటే పనికొచ్చే పేజీ అదేనని నా నమ్మకం.

అమ్మ ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లబోతుంటే, కళ్లనిండా నీళ్లతో మా కాగితం చివరిదాకా చదివి సంతకం పెట్టిన కూతుళ్లు, కొడుకులు ఉన్నారు. వద్దన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లూ మర్యాదగా కారణం చెప్పారు. మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

మార్చిన ప్రణాళికతో పెద్ద గ్రాంట్‌కి మళ్లీ దరఖాస్తు పంపాం, జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఆగి ఈ థాంక్స్ చెప్పాలనిపించలేదు. నిన్న రాత్రి వార్డుకి వెళ్తే, ఫండ్ అయిపోయినా, డ్యూటీ సిస్టర్ టార్చి పట్టుకుని ఒక్కో మంచం దగ్గర నెమ్మదిగా ఆగుతూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు.