వార్షిక నివేదిక: ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాది ఎవరికి? అర్హత నిర్ణయంపై మన సంఘం కృషి

సభ్య మహాశయులకు నమస్కారం.

గడిచిన సంవత్సరంలో మన సంఘం అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టిన పని ఉచిత న్యాయ సహాయానికి సంబంధించినది. క్రిమినల్ కేసుల్లో ముద్దాయిలైనవారికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇచ్చేటప్పుడు అర్హతను ఏ ఆధారంతో నిర్ణయిస్తున్నారన్నదే ఇందులో ప్రధానాంశం. మిగిలిన కార్యక్రమాల వివరాలనూ జమాఖర్చులనూ కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో విడిగా సమర్పిస్తారు.

అవగాహన సమావేశాలు ఎక్కడ పెట్టినా ముందుగా ఎదురైన ప్రశ్న ఆదాయం గురించే. ఉచిత న్యాయవాది కావాలంటే పేదరికాన్ని కాగితంతో రుజువు చేసుకోవాలని చాలామంది నమ్ముతున్నారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షను చూస్తే ఆదాయం అనేక ఆధారాల్లో ఒకటి మాత్రమేనని తెలుస్తుంది. షెడ్యూల్డు కులాలు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, మనుషుల అక్రమ రవాణాకూ వెట్టిచాకిరీకీ గురైనవారు, విపత్తులకూ కుల దౌర్జన్యాలకూ బాధితులైనవారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులే. సంపన్నురాలైన స్త్రీకి కూడా ఈ సాయం ఎందుకని ఒక సమావేశంలో కొందరు అడిగారు. ఆస్తి కుటుంబానికి ఉన్నంత మాత్రాన ఆమె చేతిలో డబ్బు ఉన్నట్టు కాదు కాబట్టి, ఆమెను రుజువులు అడగకపోవడమే సరైనదని కార్యవర్గం అభిప్రాయం.

ముద్దాయిల విషయంలో అన్నిటికంటే బలమైన ఆధారం నిర్బంధం. అరెస్టయి రిమాండుకు వెళ్తున్న మనిషి ఏ కులంవాడు, ఎంత సంపాదిస్తాడు అన్న విచారణ లేకుండానే న్యాయవాదిని పొందవచ్చు. మెజిస్ట్రేటు ముందు మొదటిసారి హాజరుపరచిన క్షణం నుంచే పేద ముద్దాయికి ఈ హక్కు ఉంటుందని, ఆ సంగతి అతనికి చెప్పవలసిన బాధ్యత మెజిస్ట్రేటుదేనని సుప్రీంకోర్టు 1981లో ఖత్రీ కేసులో చెప్పింది. 1986 నాటి సుఖ్ దాస్ కేసును మా వాలంటీర్లు ప్రతి సమావేశంలోనూ వివరించారు. అరుణాచల్ ప్రదేశ్‌లో న్యాయవాది లేకుండానే అతని విచారణ ముగిసి శిక్ష పడింది. అతను సాయం కావాలని దరఖాస్తు చేసుకోలేదు కాబట్టి తప్పు లేదని హైకోర్టు భావించింది. తన హక్కు గురించి తెలియని మనిషి దాన్ని ఎలా అడుగుతాడన్న దృష్టితో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. అడగలేదన్న కారణంతో అర్హత పోదని ఇంత స్పష్టంగా చెప్పిన తీర్పు ఉన్నా, తొలి రిమాండు రోజున ఒక్క మాట కూడా చెప్పేవారు లేని కుటుంబాలు ఈ ఏడాది కూడా మా దగ్గరకు వచ్చాయి.

అసలు చిక్కు బెయిలు వచ్చాక మొదలవుతుంది. జైలు నుంచి బయటికి రాగానే నిర్బంధం అనే ఆధారం పోతుంది. వేరే ఆధారమేదీ లేని పురుషుడు అప్పుడు ఆదాయ పరిమితి కిందకి వస్తాడు. చట్టం మొదట పెట్టిన పరిమితి 9,000 రూపాయలు కాగా, దాన్ని పెంచుకునే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పుడది ఏడాదికి 3 లక్షలు. సుప్రీంకోర్టులో నడిచే కేసులకు 5 లక్షలు.

తాపీమేస్త్రీ దగ్గర కూలిపని చేసే ఒక యువకుడు దొంగతనం కేసులో బెయిలుపై బయటికి వచ్చాక, ఆదాయ ధ్రువపత్రం లేనిదే దరఖాస్తు తీసుకోబోమని ఒక కార్యాలయంలో తిప్పి పంపారు. ధ్రువపత్రం కోసం వెళ్తే అందులో అన్నదమ్ములిద్దరి సంపాదనా కలిపి రాశారు. ఆ మొత్తం పరిమితిని దాటింది. ఇంతలో సాక్షుల విచారణకు వాయిదా పడింది. చట్టం మాట్లాడేది ఆ వ్యక్తికి వచ్చే ఆదాయం గురించి. పైగా 13వ సెక్షను ప్రకారం, నమ్మకపోవడానికి కారణం ఉంటే తప్ప, ఆదాయంపై దరఖాస్తుదారు ఇచ్చే అఫిడవిట్‌ను (ప్రమాణపత్రాన్ని) చాలినదిగా తీసుకోవచ్చు. ఆ రెండు వాక్యాలను దరఖాస్తులోనే ఉటంకించి, అతని కూలి వివరాలతో అఫిడవిట్ జతచేసి ఇచ్చాం. వాయిదాకు ముందే న్యాయవాది వచ్చారు. ఆ నమూనా దరఖాస్తును తెలుగులో అచ్చువేయించి సభ్యులందరికీ అందజేశాం.

పరిమితికి కాస్త పైన ఉన్నవారి సంగతి ఇంకా కష్టం. నెలకు 26 వేలు వచ్చే మనిషి సంవత్సరాదాయం 3 లక్షల 12 వేలు అవుతుంది. ఇంటద్దె, పిల్లల ఫీజులు పోగా, ఏళ్ల తరబడి సాగే సెషన్స్ కేసులో అతను న్యాయవాదిని ఎలా పెట్టుకోగలడు? క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశిస్తూ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 341వ సెక్షను ఇక్కడ దారి చూపుతుంది. ముద్దాయి తరఫున న్యాయవాది లేక, పెట్టుకునే స్తోమత లేదని కోర్టుకు అనిపిస్తే, ప్రభుత్వ ఖర్చుతో నియమించాలని అది ఆదేశిస్తుంది. అంకెల గీత ఏదీ గీయలేదు. దీనికి ముందున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 304వ సెక్షను సెషన్స్ విచారణకే పరిమితం కాగా, కొత్తది అన్ని కోర్టుల విచారణలకూ అప్పీళ్లకూ వర్తిస్తుంది. స్తోమతను కొలవవలసింది కేసు బరువును బట్టి, మనిషి మోస్తున్న బాధ్యతలను బట్టి గాని ఒక్క సంవత్సరాదాయాన్ని బట్టి కాదన్నది మన సంఘం దృఢాభిప్రాయం. ఈ మేరకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వినతిపత్రం సమర్పించాం. జవాబు రావలసి ఉంది.

అర్హత దొరికినా ఉచిత న్యాయవాదిపై నమ్మకం లేక అప్పుచేసి ప్రైవేటు వకీలును పెట్టుకున్నవారూ ఉన్నారు. 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పథకం కింద, ముద్దాయిల కేసుల కోసమే పూర్తికాలం పనిచేసే న్యాయవాదులు చాలా జిల్లాల్లో ఉన్నారని వారికి తెలియజేస్తున్నాం.

న్యాయ సహాయ కార్యాలయాల చిరునామాలు, ఫోన్ నంబర్లతో పోలీస్‌స్టేషన్లు, బస్టాండ్ల వంటి చోట్ల స్థానిక భాషలో బోర్డులు పెట్టాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఆదేశించింది. మన పరిధిలో అవి ఎక్కడెక్కడ ఉన్నాయో వచ్చే ఏడాది మొదటి మూడు నెలల్లో పరిశీలించి, లేనిచోట వినతులు ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది. న్యాయ సహాయ టోల్‌ఫ్రీ నంబరు 15100ను మన నోటీసు బోర్డుపై ఇప్పటికే రాయించాం. ఈ పరిశీలనకూ, దరఖాస్తులు రాయడంలో సాయానికీ ముందుకు రాదలచిన సభ్యులు సర్వసభ్య సమావేశం నాటికి తమ పేర్లు నమోదు చేయించుకోవలసిందిగా కోరుతున్నాం.

కార్యవర్గం తరఫున,
ప్రధాన కార్యదర్శి