మెక్సికో పొయ్యే ముందర ఒకసారి ఫోన్ చెయ్ పాపా

పాపా,

వాట్సాప్‌లో పెద్దదిగా రాస్తే సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావు, అందుకే మెయిల్ రాస్తా ఉండా, తీరిగ్గా చదువు. ఇక్కడ అందరం బాగుండాం. మీ అమ్మకి మోకాలు మామూలే, వద్దంటే వినకుండా శ్రీవారి మెట్టు అయితే తక్కువే కదా అని కొండకి నడిచిపొయ్యొచ్చింది, రెండ్రోజులు మంచం దిగలేదు. అవ్వ నువ్వింకా హాస్టల్లోనే ఉండావనుకుంటా ఉంది, మేమూ అవునవును అనేస్తా ఉండాం. పైన ట్యాంకు మళ్ళా కారతా ఉంది.

అన్నట్టు మెక్సికోకి టికెట్లు అయిపోయినాయా? ఫ్రెండ్స్‌తో వారం రోజులు పోతా ఉండా అని అమ్మకి చెప్పినావంట. మంచిదే, ఎంతసేపూ ఆ మెదడు చిప్పుల ల్యాబే అయితే ఎట్ల. ఊరికే అడిగినా.

మొన్న ఆదివారం రేణిగుంట అత్తా సీనుగాడూ వచ్చిండ్రి. అత్త కాఫీ గ్లాసు ఇంకా చేతిలోకి తీసుకోకముందే, ఏమన్నా, పాప తల్లో చిప్పు పెట్టించుకుంటా ఉందంట గదా అనింది. మీ అమ్మ వంటింట్లో ఉండింది కాబట్టి సరిపోయింది. నువ్వు స్టేటస్‌లో పెట్టి సాయంత్రానికి తీసేసినావే, తలనిండా వైర్లున్న ఫోటో, దాన్ని చూసి మొదలుపెట్టినారు అందరూ. నేను ఆ ఫోటో తీసిపెట్టుకోని ఉండా, పెద్దది చేసి చూసినా. గుడ్డ టోపీ, దానికి తెల్ల బిళ్ళలు, బిళ్ళల సందుల్లో జెల్లు కారి చెవి పక్కన ఎండిపొయ్యుంది. అది ఈఈజీ అమ్మా, మెదడులో కరెంటు చూసేదానికి తోలు మీద పెట్టేది, 1924లో జర్మనీలో బెర్గర్ అనే డాక్టరు మొదలుపెట్టిన యవ్వారం, నూరేండ్ల నాటిది, లోపలికి ఏమీ పోదు అని అత్తకి చెప్పినా. చెప్పినాక నేనే మళ్ళా ఫోటో చూసినా. ఎడం చెవి పైన కొంచెం వెంట్రుకలు కత్తిరించినట్టు కనపడతా ఉంది. నీడ అయ్యుండొచ్చు.

చిప్పులంటే భయపడే మనిషిని కాదు నేను. కింద పోర్షన్ వాళ్ళ బుజ్జిగాడికి ఆరోగ్యశ్రీలో కాక్లియర్ పెట్టించిండేది నీకు తెలుసు గదా, లోపల చెవి నరానికి కరెంటు ఇచ్చేది, బయట చెవి వెనక మిషను, తలకి అయస్కాంతంతో అంటుకునే బిళ్ళ. వాడు స్నానానికి పొయ్యేటప్పుడు ఆ బిళ్ళని తీసి బీరువా తలుపుకి అంటించి పోతాడు. నిన్న వాళ్ళమ్మ పాల కోసం అరిస్తే మేడమీదనుంచి వస్తా ఉండా అన్నాడు, వినపడుతుంది వాడికి. అట్లాంటివి పెట్టేవాళ్ళకి చేతులెత్తి మొక్కుతా. పెట్టేది వేరు, కావాలని పెట్టించుకునేది వేరు, నేను చెప్తా ఉండేది అదే.

ఇంక సీనుగాడు. వాడు ఫోన్లో ఏదో తీసి, మామా, ఇది చూసినావా అని ఒక డాక్టరు కథ చదివినాడు. ఫిల్ కెనడీ అంట, అట్లాంటా దగ్గర, 1998 లోనే పక్షవాతం మనిషి మెదడులో వైరు పెట్టి కంప్యూటర్ మీద బాణం గుర్తు కదిలించేట్టు చేసిన పెద్దమనిషి. తర్వాత మనుషుల్లో పెట్టేదానికి పర్మిషన్లు దొరక్క, 2014లో బెలీజ్ అనే దేశానికి పొయ్యి సొంత తల్లోనే పెట్టించుకున్నాడంట. పదకొండు గంటల పైన ఆపరేషన్. లేచేసరికి మాట పొయ్యింది. తిరిగొచ్చేదానికి రోజులు పట్టింది. మళ్ళా ఇంకో ఆపరేషన్, అది అయినాక గాయం సరిగ్గా మానక పైనుండే సామానంతా తీసేయాల్సొచ్చింది. సీనుగాడు దాన్ని ఏదో హీరో కథలాగా చదువుతా ఉండాడు. రాత్రి నేను మ్యాపులో చూసినా పాపా. బెలీజ్ మెక్సికోకి ఆనుకోనే ఉండాది. నువ్వు పొయ్యే ఊరునుంచి బస్సులో పోవచ్చు.

సరే, అది వదిలెయ్. ఎండలు ఎక్కువంట అక్కడ, టోపీ పెట్టుకో, బయట నీళ్ళు తాగద్దు.

అమ్మకి మీ పిట్స్‌బర్గ్‌దే ఒక వీడియో చూపించినా, 2012లో ఒకామె, మెడ కింద ఏదీ కదల్దు, మెదడులో చిప్పులతో మర చెయ్యి కదిలించి చాక్లెట్ నోట్లో పెట్టుకునిందే, అది. అమ్మ చూసి, పాపం తినిపించేదానికి ఇంట్లో ఎవురూ లేరా అనింది. తినిపించుకునేది వేరు తినేది వేరు అని చెప్పే లోపల కండ్లు తుడుచుకుంటా లేచి పొయ్యింది.

నీకు అరగొండ చెరుకాయన జ్ఞాపకమున్నాడా? గానుగలో కుడి చెయ్యి ముంజేతికాడికి పొయ్యిన ఆయన. ఆయనకి చెయ్యి నేనే చేసినా. స్టంప్‌కి, అంటే మిగిలిన మొండి చేతికి, పీఓపీ చుట్టి అచ్చు తీసి, అది దూరే సాకెట్ గీకి గీకి సరిచేసి, వీపు మీద బెల్టు, కేబులు, చివర కొక్కెం. భుజం ముందుకి తోస్తే కొక్కెం తెరుచుకుంటుంది. ట్రైనింగ్‌లో ఆయన ఎంత చురుగ్గా నేర్చుకున్నాడంటే అగ్గిపుల్ల ఎత్తి చూపిస్తాంటే మా వాళ్ళందరూ చుట్టూ చేరినారు, నేను పొంగిపొయ్యినా. ఆరేడు నెలలకి వచ్చినాడు, ఆ చెయ్యి తుండుగుడ్డలో చుట్టుకోని. విప్పి చూస్తే ఒక్క గీత లేదు, కేబులు కొత్తది కొత్తట్టే ఉంది. ఏం పెద్దాయనా వాడలేదా అంటే, బాగనే పనిచేస్తాది సార్, కానీ దానికేమీ తెలీదు అన్నాడు. ఆవు పొదుగు పట్టుకుంటే గట్టిగుందో మెత్తగుందో తెలీదంట, ఆవు తన్నినాక తెలిసిందంట. బెల్లం పాకం వేళ్ళ మధ్య ఉండకట్టి చూసేదానికి లేదంట. నా ఎడమ చేతికి తెలిసినంత ఈ ఇనుముకి తెలీదు సార్, దీన్ని తొడుక్కుంటే రెండు చేతులూ మొద్దుబారినట్టుంటుంది అన్నాడు. నేనేమో కొక్కెం ఎంత బరువు ఎత్తుతుంది అనే లెక్కలోనే ఉండా.

పోతా పోతా ఇంకొకటి చెప్పినాడు. రాత్రుళ్ళు ఆ పొయ్యిన చెయ్యి పిడికిలి బిగించుకుంటా ఉందంట, గోర్లు అరచేతిలో దిగతాండాయంట, ఎంత ప్రయత్నం చేసినా విప్పుకోదంట. ఇంట్లో చెప్తే గాలి సోకిందని తాయెత్తు కట్టినారంట. మా డాక్టరుగారేమో, రామచంద్రన్ అని మనవాడే అమెరికాలో దీనికి అద్దం వైద్యం కనిపెట్టిండాడు, అద్దం పెట్టి చూపించు అంటే, పక్క సెలూన్‌లో అద్దం అడిగి తెచ్చి నిలువుగా పెట్టినా. ఎడమ చెయ్యి అద్దం ముందర, మొండి చెయ్యి అద్దం వెనక. రెండూ బిగించు, రెండూ విప్పు అని చెప్పినా. అద్దంలో చూస్తే కుడి చెయ్యి విప్పుకుంటా ఉండేట్టు కనపడుతుంది గదా. ఆయన శానాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా, అద్దం ఇంటికి తీసుకుపోవచ్చా సార్ అన్నాడు. సెలూనాయన ఒప్పుకోలేదు, నేను వేరేది కొనిచ్చినా. పూర్తిగా పోలేదు గానీ నిద్ర పడుతుందన్నాడు. ప్రతి సంక్రాంతికీ బెల్లం అచ్చులు తెచ్చేవాడు, నువ్వు తిన్నదే. అప్పుడు నువ్వు బడి వదిలినాక వర్క్‌షాపులో ఆ బల్ల మీదే కూర్చోని, లేని చెయ్యి ఎట్ల నొప్పి పుడుతుంది నాయనా అని మూడుసార్లు అడిగితే, పొయ్యి లెక్కలు చేసుకోపో అన్నా. అమ్మ ఇప్పటికీ అంటుంది, ఆడపిల్లని ఆ కాళ్ళూ చేతుల మధ్య కూర్చోబెట్టి నువ్వే ఈ పిచ్చి అంటించినావని.

అందుకే, మీ ఊర్లో 2015లో ఒకబ్బాయికి నాలుగు చిప్పులు పెట్టి, రెండు కదిలించేదానికి, రెండు తగిలింది తెలిసేదానికి అని నువ్వు చెప్పినప్పుడు నాకు అరగొండాయనే గుర్తొచ్చినాడు. మర చేతికి వేలు తాకిస్తే ఆ అబ్బాయికి తన వేలికే తాకినట్టు తెలిసిందంట గదా, మరుసటి ఏడాది ఒబామాతో పిడికిలి కూడా కలిపినాడు. అది గొప్ప పని, ఇనుముకి తెలివి తెచ్చే పని. నువ్వు అందులో ఉండావంటే నాకు ఎంత గర్వమో అత్తకి తెలుసు, నీకు చెప్పలేదంతే.

కానీ చెప్పేది విను. కాలు చేసిచ్చినాక పని అయిపోదు. స్టంప్ ఎండుతుంది, సాకెట్ వదులవుతుంది, పదేండ్లకి కూడా వచ్చి బెల్టు మార్చు సార్ అంటారు. మీది ఇంకా కష్టం, మెదడు జున్నులాగా మెత్తగా, మీ సూదులు గట్టిగా, దాని చుట్టూ మచ్చ కట్టి సిగ్నల్ తగ్గిపోతా వస్తుందని నువ్వే చెప్పినావు. మస్క్ కంపెనీ న్యూరాలింక్ వాళ్ళు దారాలంత సన్నగా చేసి 2024 జనవరిలో మొదటి మనిషికి పెట్టినా కొన్ని వారాలకే శానా దారాలు వెనక్కి జారినాయి. కంటి లోపల చిప్పు పెట్టిన ఇంకో కంపెనీ 2019లో ఆ పనే ఆపేసింది, పెట్టించుకున్నోళ్ళ కండ్లలో సామాను అట్లే ఉండిపొయ్యింది, రిపేరు చేసే నాథుడు లేడు. కాబట్టి స్టడీ అయిపొయ్యినా మీ దగ్గరికి వచ్చేవాళ్ళ ఫోన్ ఎత్తు. పండక్కి నువ్వే చెయ్. మనిషిని నంబరు వేసి పిలవద్దు. ఇదంతా లెక్చర్ అనుకుంటావు, అనుకో.

సొంత ఒంటి మీద చూసుకుంటేనే తెలుస్తుంది అనే మాట కూడా నాకు చెప్పొద్దు. వేలూరు మేరీ వర్గీస్ డాక్టరమ్మ 1954లో యాక్సిడెంట్ అయ్యి నడుము కింద పడిపొయ్యినాక చక్రాల కుర్చీలోనే కూర్చోని కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది, ఆమె లాంటోళ్ళు వేరే. ఆమె ఆ దెబ్బని అడిగి తెచ్చుకోలేదు.

సూటిగానే అడగతా ఉండా. మెక్సికో అంటే మెక్సికోనేనా? నీతోపాటు పొయ్యేవాళ్ళు ఎవురు, వాళ్ళు కూడా ల్యాబోళ్ళేనా? పదిరోజులైంది ఫోన్ చేసి, మెసేజ్ పెడితే బిజీ నాయనా అంటావు. ఆదివారం వీడియో కాల్ చెయ్, జుట్టు పైకి ముడేసుకోని, చెవుల వెనకా నడినెత్తీ అన్ని పక్కలా తిప్పి చూపించు. నవ్వినా పర్వాలేదు. అమ్మ లేనప్పుడే చెయ్, ఆమెకి ఇదేమీ తెలీదు, తెలిస్తే వీసా లేకుండానే వచ్చేస్తుంది.

చెన్నైనుంచి పొయ్యే కుర్రాడితో నిప్పట్లు, మణుగుబూలు, ఊరుబిండి పొడి పంపిస్తా ఉండా, డబ్బా కింద కొబ్బరినూనె సీసా ఉండాది, కవర్లో చుట్టినా, కారితే తిట్టద్దు. జెల్లు పట్టిన జుట్టుకి ముందురోజు రాత్రే నూనె పెట్టి తలకి పోసుకో, ఊరికే షాంపూ రుద్దితే ఊడిపోతుంది. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి పొయ్యి ఎన్నాళ్ళయింది? 1976 నుంచీ స్వామి మీ ఊర్లోనే ఉండాడు, దూరం అనే సాకు నీకు లేదు. ఊరు కదిలే ముందర ఒక అర్చన చేయించు.

సీనుగాడితో ఏమీ మాట్లాడద్దు, వాడికి చెప్తే అత్తకి చెప్పినట్టే. మెక్సికోలో నీ సిమ్ పనిచేస్తుందో లేదో ముందే కనుక్కో. చెయ్యకపోతే హోటల్ నంబరు అమ్మకి పంపు. నాకు వద్దులే, నేను ఊరికే ఊరికే చేస్తానంటావు.

మీ నాయన