రూమ్ దొరికింది, అందరికీ థాంక్స్

అందరికీ నమస్కారం. ఇల్లు దొరికింది! అడ్వాన్సు కట్టేశాం, సామాను ఎక్కించేశాం, గ్యాస్ స్టవ్వు కూడా వెలిగించేశాం. ఇల్లు వెతికిపెట్టండి, అద్దెకు సాయం చేయండి అని నేను పెట్టిన పోస్టు చూసి డబ్బు పంపినవాళ్లు, పది గ్రూపుల్లో తిప్పినవాళ్లు, "మా వీధిలో టులెట్ బోర్డు ఉంది, వచ్చి చూడు" అని ఫోన్ చేసినవాళ్లు, అందరికీ పేరుపేరునా చెప్పాలని ఉంది కానీ సగం మంది పేరు రాయొద్దన్నారు, అందుకే పేర్లు లేకుండా చెప్పేస్తున్నా.

కొత్తగా చదివేవాళ్లకు కాస్త వివరం. మాది విజయవాడలో చిన్న సొసైటీ. 18 నిండి, ఇల్లంటూ లేని కుర్రాళ్లు పగలైనా రాత్రైనా వచ్చి స్నానం చేసి, పడుకుని, సామాను దాచుకునే చోటు ఒకటి నడుపుతున్నాం. దానికి పెద్ద పేరేమీ లేదు, కుర్రాళ్లు "రూమ్" అంటారు, మేమూ అదే అంటాం. చెన్నై, ఢిల్లీ, హౌరా వైపు లైన్లన్నీ కలిసే జంక్షన్ మాది, ఇంట్లోంచి వచ్చేసిన పిల్లలు ఇక్కడ రైలు దిగడం కొత్తేమీ కాదు. చిన్నపిల్లలైతే చూసేవాళ్లున్నారు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, నవజీవన్ బాలభవన్ 1989 నుంచి ఈ ఊళ్లో అదే పని చేస్తోంది. 18 లోపు పిల్లాడు మా దగ్గరికి వస్తే మేం ఉంచుకోం, చట్టం ప్రకారం 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లాల్సిందే. చిక్కంతా 18 నిండిన మర్నాటి నుంచి. పిల్లల హోమ్‌లో పెరిగినవాడికి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో 21 ఏళ్లు వచ్చేదాకా ఆఫ్టర్ కేర్ అని, అంటే హోమ్ నుంచి బయటికొచ్చాక చేసే సాయం ఉంది, కేంద్రం పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలూ ఉంది. మరి ప్లాట్‌ఫాం మీదే పెరిగినవాడు ఏ హోమ్ నుంచి బయటికి వచ్చానని కాగితం చూపిస్తాడు?

పాత రూమ్ సింగ్‌నగర్‌లో ఉండేది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడినప్పుడు కింది వాటా కాబట్టి మొత్తం మునిగింది. కుర్రాళ్లు క్షేమంగా బయటపడ్డారు, పరుపులు పోతే పోయాయి, కానీ టెన్త్ మెమోలు, ఐటీఐ సర్టిఫికెట్లు, ఒకడి కొత్త డ్రైవింగ్ లైసెన్సు, అన్నీ బురదలో కలిశాయి. తర్వాత ఓనరు బాగుచేయించుకుని తన వాళ్లే ఉంటారన్నారు, తప్పు పట్టలేం, వాళ్లూ నష్టపోయారు. అక్కడి నుంచి మొదలైంది ఇళ్ల వేట. మామూలు బ్యాచిలర్లకే ఇల్లివ్వరు కదా ఈ ఊళ్లో, ఇక "స్టేషన్ దగ్గరి కుర్రాళ్లండీ" అనగానే "మా తమ్ముడు వాళ్లొస్తున్నారు" అనేవాళ్లు. ఎంతమంది తమ్ముళ్లో! ఈ మధ్యలో ఒక మిత్రుడి షాపు వెనక రేకుల షెడ్డులో నెట్టుకొచ్చాం. అక్కడ బాత్‌రూము లేదు, అంతకుమించి చెప్పను.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. అన్నం పెట్టడానికి మన ఊళ్లో దాతలకు లోటు లేదు. పుట్టినరోజుకి, పెళ్లిరోజుకి, పెద్దాయన సంవత్సరీకానికి, హీరో సినిమా రిలీజుకి ప్యాకెట్లు వస్తూనే ఉంటాయి. ఆగస్టు 15న మాకు మూడు చోట్ల నుంచి బిర్యానీ వస్తుంది, 18వ తేదీన మాత్రం మా వంట మేం చేసుకుంటాం. పెట్టిన చేతులకు దండం, దాని గురించి కాదు. అద్దె ఇస్తామనేవాళ్లు దొరకరు. కరెంటు బిల్లు, రాత్రిపూట ఉండే మనిషి జీతం, మోటారు రిపేరు, వీటికి అడిగితే "ఏదైనా వస్తువు ఇస్తాం గానీ" అంటారు. అద్దె మీద పేరు రాయించలేం కదా. ఈసారి మీరు ఇచ్చింది అచ్చంగా దానికే. అడ్వాన్సు, ఏడాది అద్దె, ప్లంబింగ్. ఫ్లెక్సీ కట్టమని ఒక్కరూ అడగలేదు, కుర్రాళ్లను వరసగా నిలబెట్టి ఫోటో పంపమని ఒక్కరూ అడగలేదు. ఇది నాకు డబ్బుకన్నా పెద్ద విషయం. పిల్లలైతే ఫోటోలు బయటపెట్టకూడదని ఆ జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉంది, 74వ సెక్షన్. వీళ్లు పెద్దవాళ్లు, చట్టం అడ్డం రాదు, సిగ్గు అడ్డం వస్తుంది. రేపు ఆటోనగర్‌లో మెకానిక్‌గా చేరినవాడు సాటి పనివాళ్ల ఫోన్లో తన ఫోటో అనాథ అని చూసుకోవాలా?

స్టేషన్ స్టాండులో ఆటోవాళ్లు చందా వేసుకున్నారు, అదీ ఎవరూ అడక్కుండా. వన్‌టౌన్ నుంచి ఒక కార్పెంటరు బాబాయ్ కూలీ తీసుకోకుండా లాకర్లు చేసిపెట్టాడు, నేలకు నాలుగడుగుల ఎత్తున బిగించాడు, "మళ్లీ నీళ్లొస్తే?" అని తనే అన్నాడు. మేడ మీద కదా బాబాయ్ అంటే వినలేదు. ఎవడి తాళం వాడి దగ్గరే. తాళం ఉన్న పెట్టె లేక ఈ కుర్రాళ్లు ఎన్ని పనులు వదులుకున్నారో మాకే తెలుసు, క్యాటరింగ్‌కి వెళ్లిన రోజు బ్యాగు ఎక్కడ పెట్టాలి, కాగితాలు ఎవరికిచ్చి వెళ్లాలి, అదే టెన్షన్. పైగా ముహూర్తం ఏ అర్ధరాత్రో ఉంటే ఒంటిగంటకు పనైపోతుంది, అప్పుడు రోడ్డు మీద కనపడితే ఎవరు, ఎక్కడుంటావ్ అని ఆపుతారు. ఇప్పుడు అడ్రసు చెప్పగలుగుతున్నారు.

డల్లాస్‌లో ఉన్న మా పాత క్లాస్‌మేట్ల సంగతి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు, అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే వస్తుంది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, మాకు లేదు. అందుకని ఒకడికి వద్దురా అని చెప్పాల్సి వచ్చింది. బాగా ఫీలయ్యాడు. ఇప్పుడు వారం వారం వీడియో కాల్‌లో ఇద్దరికి ఎక్సెల్ నేర్పుతున్నాడు, వాళ్లకంటే వాడికే హుషారు ఎక్కువ.

కింద ఉండే ఓనరమ్మగారికి ప్రత్యేకంగా చెప్పాలి. అన్నీ విన్నారు, ఎవరో ఏంటో దాచకుండా చెప్పాం. "రాత్రి పదిన్నర తర్వాత మెట్ల మీద చప్పుడు రాకూడదు, మోటారు వేసి మర్చిపోకూడదు" అన్నారు, అంతే. మోటారు ఇప్పటికే ఒకసారి మర్చిపోయాం. బాగా తిట్టారు పిన్నిగారు, సాయంత్రం పచ్చడి పంపారు.

అమ్మాయిల కోసం కూడా ఇలాంటిది పెట్టండి అని చాలామంది అడిగారు. కావాలి, నిజమే. అది వేరే ఇల్లు, వేరే మనుషులు, ఆడవాళ్లే నడపాలి. నడుపుతామనేవాళ్లు ముందుకొస్తే మాకు తెలిసింది చెప్తాం, మాట మాత్రం ఇవ్వలేను.

ఇక రసీదులు. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, అందుకే యూపీఐలో పంపమని సతాయించాం, ఏమీ అనుకోకండి. ఈ ఆర్థిక సంవత్సరం ముగిశాక మేం మే 31లోపు వివరాలు ఫైల్ చేస్తాం, ఆ తర్వాతే మీకు పన్ను మినహాయింపుకి చూపించే విరాళం సర్టిఫికెట్ వస్తుంది. పాన్ నంబరు ఇవ్వనివాళ్లు ఇవ్వండి, కానీ ఇక్కడ అందరూ చూసేలా కింద రాసేయకండి బాబూ, నాకు విడిగా మెసేజ్ చేయండి.