క్రేన్ ఎత్తే ముందు అయిదు నిమిషాలు మాట్లాడాలి

సంపాదకులకు నమస్కారం.

రామగుండం, కాజీపేట ప్రాంతాల్లో ముప్ఫై ఏళ్లు రిగ్గర్‌గా, అంటే క్రేనుకు బరువులు కట్టి ఎత్తించే పనివాడిగా, ఆ తరువాత ఫోర్‌మన్‌గా పనిచేసిన వాడిని. వరంగల్, హన్మకొండ వీధుల్లో హైడ్రా అనే చక్రాల క్రేన్లు కాలువ స్లాబులను, ఇనుప దూలాలను ఎత్తుతుంటే చూస్తూ ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. బరువు నేల విడవక ముందే జట్టంతా ఒకచోట నిలబడి మాట్లాడుకోవడమనే పద్ధతి నేను చూసిన చాలా పనుల్లో రిజిస్టరులో సంతకాలకే పరిమితమైంది.

గత నెల మా కాలనీ దగ్గర కాలువపై స్లాబు దించుతుండగా, స్లింగు (బరువును క్రేను కొక్కేనికి తగిలించే తాడు) సర్దుతున్న కుర్రవాడు ఆపమని చెయ్యి ఊపిన క్షణంలోనే అవతలి గట్టున ఉన్న మేస్త్రీ దించమని సైగ చేశాడు. ఆపరేటరు చూపు మేస్త్రీ మీదే ఉంది. కుర్రవాడి రెండు వేళ్లు నలిగిపోయాయి. అతడిది జార్ఖండ్. ఆ ఉదయం జాగ్రత్తలన్నీ తెలుగులోనే చెప్పారని, తనకు ఒక్క ముక్కా అర్థం కాలేదని హిందీలో నాతో చెప్పాడు.

మా రోజుల్లో ఖలాసీలు, అంటే బరువులెత్తే కూలీలు, ఎత్తమనడానికి ‘హబేస్’, దించమనడానికి ‘ఆరియా’ అనేవారు. ఆ రెండు మాటలు రానివాడి చేతికి స్లింగు ఇచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు జట్టులో మూడు రాష్ట్రాల వాళ్లుంటారు, అద్దె క్రేనుతో రోజుకో ఆపరేటరు వస్తాడు. అందువల్ల చూపుడు వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని, చెయ్యి కిందికి చాచి వేలు నేలవైపు చూపితే దించమని చెప్పి వదిలేయకుండా, కూలీల చేత ఆ సైగలను తిరిగి చేయించి చూడాలి. సైగ చేసేది ఎవరో అందరి ముందూ చెప్పాలి, ఆ పని ఒక్కరే చేయాలి. ఆపమని మాత్రం ఎవరు చూపినా ఆపరేటరు ఆపి తీరాలి.

స్లింగు సంగతి కూడా ఆ బరువు పక్కనే నిలబడి చెప్పాలి. రెండు టన్నుల బరువుకు రెండు కాళ్ల (రెండు పాయల) స్లింగు నిట్టనిలువుగా ఉంటే ఒక్కో కాలుపై ఒక టన్ను పడుతుంది. అదే స్లింగు అడ్డంగా వాలి, నేలకు సమాంతరమైన గీతతో 30 డిగ్రీల కోణంలోకి వస్తే ఒక్కో కాలూ రెండు టన్నులు లాగాల్సి వస్తుంది.

క్రేను అద్దె పెరుగుతుందన్న తొందరలో కాంట్రాక్టర్లు ఈ అయిదు నిమిషాలనే కోసేస్తున్నారు. కాబట్టి పనులు అప్పగించే శాఖలు ఈ మాటలకు పట్టే సమయాన్ని ఒప్పందంలోనే రాయించాలి. వాటి ఇంజనీర్లు సంతకాలు చూసి వెళ్లిపోకుండా, పని మొదలయ్యే వేళకు వచ్చి, ఆ జాగ్రత్తలు కూలీలకు తెలిసిన హిందీలోనో ఒడియాలోనో చెబుతున్నారో లేదో పక్కన నిలబడి వినాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత రిగ్గింగ్ ఫోర్‌మన్, కాజీపేట