నోటు పుస్తకంలో నడిమి కాగితాల సంగతి: జూలై వార్తాలేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

జూన్‌లో కొన్న నోటు పుస్తకం జూలై రాగానే సగానికి సన్నబడిందని మీలో చాలామంది డైరీల్లో రాసి పంపారు. మీ ఫిర్యాదు న్యాయమైనదే. పుస్తకం నడిమధ్యన పిన్నుల దగ్గర జంట కాగితం సులువుగా ఊడి వస్తుంది, చిరిగిన గుర్తు కూడా కనిపించదు. ఈ కిటుకు ప్రతి తరం పిల్లలూ ఎవరూ చెప్పకుండానే కనిపెడతారు. వానలకు మైదానం బురదై ఆటల పీరియడ్ గదిలోకి వచ్చి చేరింది. దాంతో ఆ జంట కాగితాలన్నీ కత్తి పడవలు, రాకెట్లు, విదిలిస్తే టప్పుమని మోగే టప్పాసులు అయిపోయాయి.

ఉపాధ్యాయులందరం కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాం. నోటు పుస్తకం చింపడానికి వీల్లేదు. కాగితం మడవడం మాత్రం మాన్పించం. ప్రతి తరగతిలో ఒక పాత కాగితాల పెట్టె పెడుతున్నాం. ఒకవైపు ముద్రించి వదిలేసిన జిరాక్సు కాగితాలు, పాత క్యాలెండర్ షీట్లు, దినపత్రికలు, శుభలేఖలు, ఏవి ఉన్నా పంపండి. బజారులో దొరికే రంగురంగుల ఓరిగామి (కాగితం మడిచి బొమ్మలు చేసే జపాను కళ) కిట్లు కొనకండి. ఖరీదైన కాగితం చేతికిస్తే పాడవుతుందేమోనన్న భయంతో పిల్లలు దాన్ని ముట్టుకోరు. చిత్తు కాగితమైతే ధైర్యంగా పది తప్పులు చేస్తారు.

చాలా ఆటలకు ముందు నలుచదరపు కాగితం కావాలి. దానికి స్కేలు అక్కరలేదు. ఏ4 కాగితం ఒక మూల పట్టుకుని, పొట్టి అంచు పొడుగు అంచు మీద సరిగ్గా పడేలా ఏటవాలుగా మడవాలి. కింద మిగిలిన పట్టీని మడిచి, ఆ మడతను గోటితో గట్టిగా రుద్ది చింపేస్తే నలుచదరం సిద్ధం. ఇప్పుడు ఆ ఏటవాలు మడతను ఇంకో ఏ4 కాగితం పొడుగు అంచు పక్కన పెట్టి చూడమనండి. రెండూ సమానంగా ఉంటాయి. ఏ4 కొలతలు 210, 297 మిల్లీమీటర్లు. పొడుగును పొట్టితో భాగిస్తే దాదాపు √2 (రెండు వర్గమూలం) వస్తుంది. నలుచదరం ఏటవాలు మడత కూడా దాని అంచుకు సరిగ్గా అన్ని రెట్లే. అందుకే ఈ కాగితాన్ని సగానికి ఎన్నిసార్లు మడిచినా ఆకారం మారదు. √2 అనేది గణితం పుస్తకంలో ఎదురైతే భయపడే పిల్లలు దాన్ని చేత్తో మడిచి చూస్తే ఇంత సింపులా అన్నట్లు ముఖం పెడతారు.

ఇది నా సొంత తెలివి కాదు. టి. సుందరరావు గారు 1893లో మద్రాసులో కాగితం మడతలతో రేఖాగణితం నేర్పే పుస్తకం ఒకటి ప్రచురించారు. అందులో మొదటి అధ్యాయమే చతురస్రం. ఆ పుస్తకానికి ఆలోచన కిండర్‌గార్టెన్ పిల్లలకు ఇచ్చే రంగు కాగితాల పెట్టెను చూసి వచ్చిందని ఆయనే ముందుమాటలో రాసుకున్నారు. జర్మనీ గణిత శాస్త్రవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని ప్రస్తావించాకే అది దేశదేశాలకూ తెలిసింది. మీ పాప చేతిలో కాగితం చూసి మళ్లీ ఆటలేనా అని అరిచే ముందు సుందరరావు గారిని ఒకసారి తలుచుకోండి.

ఇక ఆటలు. ఇప్పుడు మన బడిలో ఎక్కువగా నడుస్తున్నది వేళ్లకు తొడుక్కుని నాలుగు మూతులు తెరిచి మూసే ఆట. నలుచదరం నాలుగు మూలలూ మధ్యకు మడవాలి. తిరగేసి మళ్లీ నాలుగు మూలలూ మధ్యకు మడవాలి. సగానికి మడిచి, కింది జేబుల్లో బొటనవేళ్లు, చూపుడువేళ్లు దూర్చాలి. బయట నాలుగు రంగులు, లోపల ఎనిమిది అంకెలు, వాటి కింద ఎనిమిది జోస్యాలు. ఎదుటివారు ఒక రంగు చెబితే ఆ పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్నిసార్లు తెరిచి మూయాలి. ఆ తర్వాత కనిపించిన అంకెల్లో ఒకటి ఎంచుకోవాలి. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఎరుపు, పసుపు మూడేసి అక్షరాలు. నీలం రెండు, ఆకుపచ్చ నాలుగు. బేసి సార్లు తెరిస్తే ఒక నాలుగు అంకెలు, సరి సార్లు తెరిస్తే తక్కిన నాలుగు కనిపిస్తాయి. కాబట్టి నీలం అన్నా ఆకుపచ్చ అన్నా కనిపించేది ఒకటే జట్టు. నాలుగో తరగతి పిల్లలు ఈ సంగతి పట్టేసి, స్నేహితులకు కావలసిన జోస్యమే వచ్చేట్టు ఆడిస్తున్నారు. జోస్యాల బదులు ఎక్కాలు రాయిద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. నేను వద్దన్నాను. రేపు నీ డబ్బాలో కాకరకాయ కూర అని రాసుకునే స్వేచ్ఛ పిల్లలకు ఉండాలి.

రెండోది గెంతే కప్ప. దీనికి మందపాటి కాగితం కావాలి, శుభలేఖ అట్ట భేషుగ్గా పనికొస్తుంది. దేవుడి బొమ్మ ఉన్న భాగం ముందే కత్తిరించి పక్కన పెట్టండి, లేకపోతే ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. వెడల్పుకు రెండింతలు పొడవున్న ముక్క తీసుకోండి. పై సగంలో మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా రెండు మడతలు వేయాలి. అట్టను తిరగేసి, ఆ రెండు మడతలు కలిసే చోట అడ్డంగా ఇంకొకటి వేయాలి. మళ్లీ ముందువైపుకు తిప్పి పక్కల రెండు అంచులనూ లోపలికి నొక్కితే పై భాగం త్రికోణంగా కూలబడుతుంది. పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే. త్రికోణం చివరలు రెండూ పైకి మడిస్తే ముందు కాళ్లు. కింది భాగం అంచులు రెండూ మధ్య గీతకు మడిచి, ఆ మొత్తాన్ని పైకి సగం, మళ్లీ వెనక్కి సగం మడవాలి. ఈ చివరి జంట మడతే కప్పకు స్ప్రింగు. వెనక అంచు మీద వేలితో నొక్కి జార్చి వదిలితే గెంతుతుంది. నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి పందెం పెట్టవచ్చు. గెంతనని మొండికేసే కప్పను పారేయకండి, ఆ స్ప్రింగు మడతలను కాస్త వదులు చేయమనండి. మరీ గట్టిగా నొక్కేసిన మడతలో ఊపు ఉండదు.

టప్పాసు గురించి మీకు నేను చెప్పేదేముంది! దినపత్రిక పూర్తి పుటతో చేస్తే ఇంటి పక్కవాళ్లకు కూడా వినిపిస్తుంది. ఇంట్లో పసిపిల్లలు నిద్రపోతుంటే వద్దు. చుట్టాలు వచ్చినప్పుడు పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టాలంటే రాముడు-సీత చీటీల ఆటను మించింది లేదు. చీటీ లోపలి అక్షరం బయటికి కనిపించకుండా మడవడమే అందులో నేర్పు.

ఆరు, ఏడు తరగతుల వారికి ఒక వింత. నలుచదరం చేసేటప్పుడు చింపేసిన పట్టీ 87 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని పొడవునా మూడు సమాన పట్టీలు చేస్తే ఒక్కోదాని మీద పది సమబాహు త్రిభుజాలు పడతాయి. వాటిని వరుసగా మడిచి చివరలు అతికిస్తే షడ్భుజి వస్తుంది. దాన్ని నొక్కి విప్పినప్పుడల్లా లోపల దాగిన ముఖం బయటపడుతుంది, మొత్తం మూడు ముఖాలు. 1939లో ప్రిన్స్‌టన్‌లో చదువుకుంటున్న ఆర్థర్ స్టోన్ అనే ఇంగ్లండు విద్యార్థి, తన ఫైలులో పట్టని అమెరికా కాగితాల అంచులు కత్తిరించి, ఆ పట్టీలతో ఆడుకుంటూ దీన్ని కనిపెట్టాడు. తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ ఫైన్‌మన్ కూడా అప్పట్లో అతనితో కలిసి ఈ పట్టీలతో కుస్తీ పట్టినవాడే. తయారుచేసే పద్ధతి గణితం టీచరు తరగతిలో చూపిస్తారు.

మీకు ఒక మనవి, ముఖ్యంగా తండ్రులకు. పిల్లల చేతిలోని కాగితం లాక్కుని మీరు మడిచి ఇవ్వకండి. మీ చిన్నప్పటి రాకెట్టు ఎంత దూరం పోయేదో మాకు తెలుసు, ఆ ముచ్చట మీ సొంత కాగితం మీద తీర్చుకోండి. ఎదురుగా కాకుండా పక్కన కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే కుడి ఎడమలు తారుమారై పసివాళ్లు తికమక పడతారు. ఒక మడత మీరు వేసి ఆగండి, వాళ్లు వేసే దాకా నోరు మెదపకండి. వంకరగా వస్తే రానివ్వండి. అంచు అంచుకు కలవకపోతే పడవ ఎలా ఒరుగుతుందో నీళ్ల బకెట్టు చెబుతుంది.

నెలాఖరు శనివారం మధ్యాహ్నం అసెంబ్లీ హాలులో కాగితపు విమానాల పోటీ. ఒకే ఏ4 కాగితం వాడాలి. జిగురు, పిన్నులు నిషేధం. 2012లో జాన్ కాలిన్స్ మడిచిన విమానాన్ని జో అయూబ్ విసిరితే 69.14 మీటర్లు పోయి ప్రపంచ రికార్డయింది. ఆ తర్వాత ఆ రికార్డునూ దాటారు. మన హాలు అంత పొడవు లేదు కాబట్టి గోడకు తగిలించినా చాలు. విమానం ముక్కు నేలకు పొడుచుకుంటుంటే రెక్కల వెనక అంచును కొంచెం పైకి వంచమనండి. బడి బస్సులో మాత్రం విమానాలు ఎగరవేయరాదు, డ్రైవరు గారు ఇప్పటికే రెండు మాటలు అన్నారు.

పెట్టెకు కాగితాలు పంపే ముందు పిన్నులు తీసేయండి. ఆధార్ జిరాక్సులు, బ్యాంకు కాగితాలు, కరెంటు బిల్లులు అందులో కలవకుండా చూడండి. ఒకరి జీతం చీటీతో చేసిన విమానం ఇప్పటికే స్టాఫ్ రూము కిటికీలోంచి లోపలికి వచ్చి వాలింది. దాన్ని మడత విప్పకుండా దాచాం. ఎవరిదైతే వారు ఆఫీసులో అడిగి తీసుకువెళ్లగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు