శనివారం స్నోమొబైల్ ప్రయాణం: తప్పక చదవండి

అందరికీ నమస్కారం. శనివారం ఉదయం 9 గంటలకు ట్రైల్ పార్కింగ్ దగ్గర కలుద్దాం.

1976 తర్వాత పుట్టినవారికి మిన్నెసోటాలో స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) నడపాలంటే భద్రతా శిక్షణ ధ్రువపత్రం తప్పనిసరి. అంటే మనలో దాదాపు అందరికీ! దాని ఫొటో శుక్రవారం రాత్రిలోగా నాకు పంపండి.

ఈ బండ్ల మీద ప్రాణాలు పోయేది ఎక్కువగా మద్యం, మితిమీరిన వేగం, చీకట్లో చెట్టును గుద్దుకోవడం, పలుచటి ఐసు విరిగి నీళ్లలో పడటం వల్లే. కాబట్టి ఫ్లాస్కులో టీ మాత్రమే. చట్టం గంటకు 50 మైళ్ల వేగం దాకా ఒప్పుకుంటుంది, మనకు 30 చాలు. సరస్సుల మీదికి ఎవరూ వెళ్లవద్దు. పైన మంచు కప్పేస్తే కింద ఐసు ఎంత మందమో కంటికి తెలియదు.

చీకటి పడేలోగా తిరిగి రావాలి. హెల్మెట్ లేనివారు ఈ రోజే చెప్పండి, నా దగ్గర రెండు అదనంగా ఉన్నాయి.